అడగకుండా తీసుకున్న గొంతు

ఒక మనిషి గొంతును వాడుకునే ముందు ఆ మనిషిని అడగాలన్న సంగతి ఆ ఆఫీసులో ఒక్కరికైనా ఎందుకు తోచలేదు?

హనుమకొండలో ఒక బట్టల దుకాణం పైనున్న రెండు గదుల్లో నడిచే చిన్న వార్తా ఛానల్ అది. సాయంత్రం వార్తలు చదివేది అనూష. జ్వరంతో గొంతు పూర్తిగా పోయి, కాశిబుగ్గలోని ఇంట్లో ఆమె ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ, కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతోంది. అప్పుడే పక్కింటి సమ్మమ్మ తడిసిన చీరతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గొంతు పోయిందంటివి. ఫోన్‌ల మంచిగనే మాట్లాడ్తానవ్ గద బిడ్డా! హసన్‌పర్తిల కండ్ల క్యాంపు ఉందని నువ్వే చెప్తివి. వానల ఆటో ఎక్కి పోయిన. ఆడ డాక్టర్ లేడు, కుర్చీ లేదు."

ఆమె చూపిన ఫోన్లో ఛానల్ వీడియో నడుస్తోంది. అందులో అనూష ముఖం లేదు. గొంతు మాత్రం అనూషదే. ఒక్క దగ్గయినా లేకుండా, ఆమె ఎన్నడూ చూడని వార్తను చదువుతోంది.

అనూష తలకు స్కార్ఫ్ చుట్టుకొని నేరుగా ఆఫీసు మెట్లెక్కింది.

కంప్యూటర్ ముందు భరత్ ఉన్నాడు. ఆ ఛానల్‌కు ఏఐని తెచ్చిపెట్టినవాడు అతనే. అనూష వార్తలు చదవడం ముగించాక కూడా హెడ్‌ఫోన్ తీయడం మరిచిపోయేవాడూ అతనే.

"నా గొంతు ఎవరిచ్చిన్రు నీకు?" అంది ఆమె. వినిపించింది గాలి మాత్రమే.

"ఏంది?" అతను దగ్గరికి జరిగాడు.

"దొంగ!"

"జర గట్టిగ చెప్పు."

"గట్టిగ మాట్లాడే గొంతు నువ్వే ఎత్తుకపోయినవ్ గద!"

తిట్టు తిట్టుకూ అతను మరికొంచెం వంగవలసి వచ్చింది. వినడానికే వంగుతున్నాడని ఇద్దరూ నమ్మడానికి ప్రయత్నించారు.

"సార్ కొత్త యాంకర్‌ను చూస్తా అన్నడు. నీ కుర్చీ పోవద్దని, నీ పాత రికార్డింగులతోని చేసిన. వార్త గూడ సాఫ్ట్‌వేరే రాసింది. పోయినేటి క్యాంపు ప్రెస్‌నోట్‌ను పట్టుకున్నదని నాకెట్ల తెలుస్తది?"

"ఒక్క ఫోన్ చేస్తే తెలుస్తది. సమ్మమ్మ సాఫ్ట్‌వేర్‌ను నమ్మి పోలే. నన్ను నమ్మి పోయింది."

అతని ముఖం పాలిపోయింది. మంచి ఉద్దేశం అనుమతి కాదు. ఈ పాఠం ఏ కాలేజీలోనూ చెబుతున్నట్టు లేదు.

లోపలి గదిలోంచి ఎడిటర్ రాజేశ్వర్ రావు వచ్చాడు. "తప్పని చెప్తే చూసేటోళ్లు పోతరయ్యా. సప్పుడు చెయ్యకుంట వీడియో తీసెయ్. ఫికర్ లేదు."

"చెప్పకుంటే నేను పోత," అంది అనూష. ఎడిటర్‌కు వినపడలేదు.

"చెప్పకుంటే పోతదట సార్," అన్నాడు భరత్, ఈసారి ఆమె మాటను ఆమె మాటగానే అందిస్తూ. తర్వాత మెల్లగా, "నేను గూడ."

ఇద్దరూ పోతే ఛానలే నడవదు; ఎడిటర్ ఒప్పుకోక తప్పలేదు. కెమెరా అంటేనే చెమటలు పట్టే భరత్ ఆ సాయంత్రం తన సొంత గొంతుతో, తడబడుతూ చదివాడు: "క్యాంపు వార్త తప్పు. గొంతు అనూషది, మాట ఆమెది కాదు. ఆమెను అడగకుండా వాడింది నేను."

మర్నాడు సమ్మమ్మను దవాఖానకు తీసుకుపోయి, ఆమె బదులు లైన్లో నిలబడ్డాడు. "పిలగాడు మంచోడే. తెలివే జర తక్కువ," అని ఆమె అనూషకు నివేదించింది.

ఆ సాయంత్రం అతను ల్యాప్‌టాప్‌తో అనూష గుమ్మం ముందుకు వచ్చాడు. వాన అతని భుజం మీద పడుతోంది.

"నీ గొంతు ఫైల్ ఇదొక్కటే. నువ్వే తీసెయ్."

ఆమె తీసేసింది.

"ఇంకోటున్నది. ఈసారి ముందుగాల అడుగుతాన. నువ్వంటే నాకిష్టం. మీ ఇంట్ల మాట్లాడమంటవా?"

ఆమె గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. అతను వంగాడు. ఆమె చెప్పింది. అతను నవ్వుతూ, ల్యాప్‌టాప్‌ను వానలోనే మరిచిపోయాడు.

ఆ జవాబు ఇక్కడ అచ్చు కావడం లేదు. అది అతని చెవికి మాత్రమే ఇచ్చిన మాట.

ఇక మీరు. మీ ఫోన్లో మీరు ప్రేమించే మనిషి గొంతో ఫోటోనో ఉంటుంది. దాన్ని మీ ఇష్టానికి మలిచే ముందు ఆ మనిషిని అడిగారా? ఫోన్ కింద పెట్టండి. వెళ్లి అడగండి.