అరిగిన మడమ

పొద్దున్నే అత్తగారు చెప్పుల స్టాండు ముందు చతికిలబడి ఒక్కో అరా తడుముతున్నారు.

"మళ్లీ ఏం పోయిందమ్మా?" అన్నాడు కొడుకు, బూట్ల లేసులు బిగించుకుంటూ.

"మీ నాన్న రబ్బరు చెప్పులురా. అడుగు అరలో గుడ్డ చుట్టి దాచాను."

"నువ్వే ఇంకెక్కడో పెట్టి మరిచిపోయుంటావు. మొన్న పాలు కూడా అలాగే మాడ్చావు. ఇకమీదట పొయ్యి జోలికి వెళ్లకు. సాయంత్రం డాక్టరుకు చూపిద్దాం."

వంటింట్లో కోడలి చేతిలో గరిట ఆగిపోయింది. చెప్పుల సంగతి ఆమెకు తెలుసు. కుడి చెప్పు ముక్కలై, చెక్కబిళ్లలకు అతుక్కుని, ఆకులుగా చేపలుగా మారి, ఆమె మంచం కింద అట్టపెట్టెలో ఉంది.

పాత బట్టల మీద అచ్చులేసే పిచ్చి ఆమెకు ఈమధ్యే పట్టుకుంది. టీ మరక పడ్డ చొక్కా, వెలిసిన దుప్పటి, కూతురి గౌను, ఏదీ ఆమె కంటపడి తప్పించుకోలేదు. బంగాళాదుంపతో చెక్కిన అచ్చు ఇట్టే కుళ్లిపోయింది. రబ్బరైతే నిలుస్తుందని చెప్పుల స్టాండు వెతికింది. అవి చనిపోయిన మామగారివని తెలియక కోసిందా అంటే, తెలిసే కోసింది. అత్తగారిని అడిగితే వద్దంటారని అడగలేదు, అంతే.

భర్త వెళ్లాక అత్తగారు గడప దగ్గరే నిలబడ్డారు. "అమ్మాయ్, నిజం చెప్పు. నాకు మతి తప్పుతోందా?"

"అదేం లేదత్తయ్యా," అంది కోడలు, గిన్నె మీంచి తల ఎత్తకుండా.

ఈ ఇంట్లో అత్తగారి టీ అత్తగారే పెట్టుకుంటారు. ఇంకొకరు పెట్టింది ఆవిడకు రుచించదు. అలాంటి మనిషి మధ్యాహ్నం కుర్చీలోంచి లేవకుండానే, "కాస్త టీ పెట్టిస్తావా?" అని అడిగారు. కోడలు పెట్టి తెచ్చింది. చప్పగా ఉన్నా బాగుందన్నారు ఆవిడ. ఆ మాటకు కోడలి ప్రాణం చివుక్కుమంది.

తాగుతూ తాగుతూ అత్తగారు పక్కనున్న మనవరాలి గౌను ఒళ్లోకి లాక్కున్నారు. "ఎంత బాగా వేశావు. ఆకులన్నిటికీ ఒక పక్క రంగు అంటలేదేం?"

ఇక నిలవలేకపోయింది కోడలు. అట్టపెట్టె తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టింది. "ఎంత నొక్కినా ఆ అంచు పడదత్తయ్యా. అక్కడ రబ్బరు అరిగిపోయింది. ఇది మామయ్యగారి చెప్పు. కోసింది నేనే."

అత్తగారు ఆకు అచ్చు తీసుకుని వేలితో తడిమారు. మడమ బయటివైపు పలచగా తగిలింది. ఆయన కుడికాలు ఓరగా వేసి నడిచేవారు. ఎన్ని జతలు కొన్నా అటువైపే అరిగేది.

"అయితే నేను మరిచిపోలేదన్నమాట," అన్నారు. మొహంలో కోపం లేదు, గండం గడిచిన మనిషి తెరిపి ఉంది. అది చూసి కోడలికి ఏడుపు ఆగలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది.

"రెండోది ఈ పెట్టెలోనే అలాగే ఉందత్తయ్యా. కొయ్యలేదు. నన్ను క్షమించండి."

"చెప్పులదేముంది, మనిషే లేడు. పొద్దున నిన్ను అడిగాను కదా అమ్మాయ్. అప్పుడైనా చెప్పాల్సింది. పొద్దుట్నుంచి నన్ను చూస్తే నాకే భయమేసింది."

కోడలు కళ్లు తుడుచుకుని ఫోను తీసి భర్తకు కలిపింది. "డాక్టరు దగ్గరికి వద్దు. అత్తయ్య ఏదీ మరిచిపోలేదు. చెప్పులు తీసింది నేను. తీసి, పొద్దున నోరు మూసుకున్నదీ నేనే." అవతల అతను ఏమన్నాడో గానీ, "అవును, తప్పు నాదే," అంది.

ఫోను పెట్టేసి తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వంటింట్లో పొయ్యి వెలిగిన చప్పుడైంది.

"నీ టీ నోట పెట్టలేకపోయాను," అత్తగారి గొంతు వినిపించింది. "రా, నీకూ పోస్తాను. తాగాక నా తెల్ల చీర తియ్యి. అంచంతా ఆ ఆకులే వెయ్యి. అరిగిన పక్క మాత్రం సరిచెయ్యకు."