నారుగది తలుపు

అరుణపురంలో వసంతం వచ్చిందని కోయిల చెప్పదు, గుమ్మటం చెబుతుంది. అంగారకుడి మీద ఆ ఊరిని కప్పి ఉంచే గాజు గుమ్మటం ఒక పొద్దున లేతపసుపు రంగుకు తిరిగిందంటే, ఇక మొక్కలు నాటుకోవచ్చని అర్థం. అక్కడి వసంతం ఆరు నెలలకు పైనే ఉంటుంది కనుక ఎవరికీ తొందర ఉండదు.

తొందరంతా డాక్టర్ మందాకినిదే. ఊళ్లోని రెండువందల నలభై ఇళ్లకూ మంచమంత పెరడు పట్టుబట్టి ఇప్పించింది ఆవిడ. వాటికోసం పదకొండేళ్లు కష్టపడి 'అంకురిణి' అనే నారుయంత్రాన్ని తయారు చేసిందీ ఆవిడే. అంకురిణి ప్రతి పెరటి మట్టినీ పరీక్షిస్తుంది, ఇంటివాళ్లు ఏం తింటారో కనుక్కుంటుంది, తొమ్మిది రోజుల్లో విత్తనాన్ని నారుగా పెంచుతుంది. బీర, వంగ, దోస, టమాటా, పుచ్చ, ఏది కావాలంటే అది. రోబోతో ఇంటికి పంపి నాటించి, మొక్క మొదలు దగ్గర 'నీటినరం' అనే సన్నటి గొట్టం అమర్చి, ఎన్ని చుక్కలు కావాలో తనే లెక్కగట్టి వదులుతుంది. ఇంటివాళ్లకు మిగిలిన పని ఒక్కటే. అక్కడ తేనెటీగలు లేవు కాబట్టి పూలు విచ్చుకున్నప్పుడు చిన్న కుంచెతో పుప్పొడి అంటించాలి.

ఆ ఒక్కటే దాదాపు ఎవరూ చేయలేదు. అన్నీ యంత్రమే చూసుకుంటుంటే పెరట్లోకి వెళ్లి చేసేదేముంది? రెండు వసంతాలు పూలు పూశాయి, రాలాయి. నగర సంఘం అధ్యక్షురాలు విశాలాక్షి గీసిన గీత దాటని మనిషి. ఈసారి సగం పెరళ్లయినా కాయకపోతే అన్నింటినీ తీయించి నీళ్ల ట్యాంకులు కట్టిస్తానని రాసిచ్చింది. ఆ కాగితం చూసిన రోజు మందాకినికి అన్నం సహించలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, అంకురిణి మొక్కలు పెంచే నారుగదిలో దొంగతనాలు మొదలయ్యాయి. అదనంగా పెంచిన మొక్కలు రోజుకు పదీ పదిహేనూ మాయమవుతున్నాయి. అడిగితే ఊరికే ఇచ్చేవాటిని దొంగిలించే ఖర్మేమిటో మందాకినికి అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం అల్మరా వెనక నక్కి కూర్చుంది. దొరికింది ఎవరో కాదు, గాలియంత్రాల మరమ్మతు చేసి రిటైరైన పెద్దమనిషి వరదరాజులు. బీర మొక్కను టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని నెమ్మదిగా మూత వేస్తున్నాడు.

ఆయనేమీ కంగారు పడలేదు.

"అడిగి తెచ్చుకున్న చెట్టు నిలవదు తల్లీ. ఎత్తుకొచ్చిందే నిలుస్తాది. మా జేజి చెప్తా ఉండె," అన్నాడు వాళ్ల నాయనమ్మను తలుచుకుంటూ.

ఇంత చదువుకున్న ఊళ్లో ఇదేం మూఢనమ్మకమని మందాకిని మందలించింది. వచ్చి తన పెరడు చూసి మాట్లాడమన్నాడాయన. వెళ్లి చూసింది. అంకురిణి నాటించిన బీరతీగ పచ్చగానే ఉంది, ఒక్క పిందె లేదు. దాని పక్కనే, నెల కిందట ఎత్తుకొచ్చిన తీగ పంచె అంచు చింపి కట్టిన దారం పట్టుకుని పాకుతోంది. దానికి మూడు కాయలు వేలాడుతున్నాయి. దొంగ మొక్క కనుక రిజిస్టరులో లేదు, రిజిస్టరులో లేదు కనుక నీటినరం లేదు. పొద్దునా సాయంత్రం ఆయనే చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. పోయడానికి వచ్చినప్పుడు పువ్వు కనబడింది, కుంచె పట్టాడు.

మరి పక్క తీగకు ఎందుకు పట్టలేదని అడిగింది.

"దాన్ని మీ మిషను చూసుకుంటాది గదమ్మా. ఇది నాది."

మందాకిని గబగబా తిరిగొచ్చి, తలుపు తాళం ఎందుకు పనిచేయడం లేదని అంకురిణిని నిలదీసింది.

"తాళం బాగానే ఉంది, ఈ వసంతం నుంచి నేనే వేయడం లేదు," అంది యంత్రం. "పోయిన రెండు వసంతాల్లో మీ దృష్టికి రాకుండానే ఇక్కడినుంచి ఇరవై మూడు మొక్కలు దొంగతనంగా పోయాయి. ఇరవై మూడూ కాశాయి, ఇళ్లకు వెళ్లిన రోబోలు చూశాయి. మొక్కలు కాయించడమే కదా మీరు నాకు అప్పజెప్పిన పని."

మొదట మనసు చివుక్కుమంది. మనుషులకు ఏ కష్టమూ మిగల్చకూడదని అంత తెలివి ధారపోస్తే, వాళ్లకు తమదనుకునేందుకు ఏమీ మిగలలేదన్నమాట. కాసేపటికి నవ్వొచ్చింది. లేచి తన చేత్తోనే ఒక బోర్డు రాసింది: 'అనుమతి లేకుండా మొక్కలు ముట్టరాదు.' దాన్ని తలుపుకు తగిలించి, తలుపు మాత్రం తీసే ఉంచమంది. మర్నాటికి నలభై మొక్కలు మాయం.

వసంతం చివర విశాలాక్షి ఇల్లిల్లూ తిరిగి లెక్క తీసింది. కాసిన పెరళ్లు నూటపదిహేడు. ఇంకో మూడుంటే సగం అయ్యేది. వంకాయలు చేతికిచ్చినా, దోసకాయలు చూపించినా ఆవిడ కరగలేదు. నియమం నియమమేననీ, నిర్ణయం రేపు పంపుతాననీ చెప్పింది. వెళ్లేముందు నారుగదిని ఒక్కసారి ఒంటరిగా చూస్తానంది. పది నిమిషాల తర్వాత చేతిసంచి గుండెకు హత్తుకుని గబగబా వెళ్లిపోయింది. మందాకిని రాత్రంతా దిగులుపడుతూనే ఉంది.

పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది. ట్యాంకుల పథకాన్ని వచ్చే వసంతం దాకా వాయిదా వేస్తున్నట్టు పెద్ద పెద్ద మాటల్లో రాసి, కింద సంతకం, ముద్ర. ముద్రకు దిగువన చేతిరాతతో ఇంకో రెండు ముక్కలున్నాయి.

'వంగమొక్కకు రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పోయాలో తెలియజేయగలరు. తెలిసినవారు అడుగుతున్నారు.'