మొలతాడు తీసిన పూట

పరదేశి రాయ్‌పూర్ రైల్వే వ్యాగన్ల షాపులో ఫిట్టరు. గూడ్సు పెట్టెల కింద దూరి స్ప్రింగులు మార్చే పని. ఇన్నేళ్ళ సర్వీసులో ఇనుముకు భయపడింది లేదు గానీ, ఒంటికి ఏదైనా వస్తే మాత్రం గుండె జారిపోయే మనిషి. గజ్జ దగ్గర పేగు జారి నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తే, రెండు వేసవులపాటు దాన్ని లుంగీ మీంచి అదిమి పెట్టుకుంటూ తిరిగాడు. పడుకుంటే లోపలికి పోతోంది కదా, ఇంకేం అనేవాడు.

"దొంగని ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టున్నాది నీ వైద్యం" అని పెళ్ళాం పైడమ్మ సణిగేది.

చివరికి ఒక పొద్దున ఆ ఉబ్బు లోపలికి పోనని మొరాయించింది. కడుపు మెలిపెట్టి, కక్కించి, మనిషిని దారికి తెచ్చింది. డాక్టరు ఎలాగో వెనక్కి నెట్టాడు. ఇంకోసారి ఇలా ఇరుక్కుంటే పేగు కుళ్ళిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది, కోసి లోపల వలలాంటి జాలీ వేసి కుట్టాల్సిందే అన్నాడు. హెర్నియా అంటే రోజూ చేసేదే, నడుముకి మత్తు సూది ఇస్తాం, సాయంత్రానికల్లా కాళ్ళు తిరిగొస్తాయి అని కూడా అన్నాడు. ఆ 'తిరిగొస్తాయి' అన్న మాట పరదేశికి నచ్చలేదు. తిరిగి రావాలంటే ముందు ఎక్కడికో పోవాలి కదా.

అలా మే నెల ఎండలో, తెలీబంధా చెరువు వైపున్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరాడు. మేడ మీద వార్డు. కిటికీలో కూలర్ దడదడమంటూ తడిసిన గడ్డి వాసన ఊదుతోంది. భోజనాల వేళ దాటాక, కత్తీ సబ్బూ పట్టుకుని ఒక ముసలి మనిషి వచ్చాడు. ఆపరేషన్ చేసే చోట గొరగడం ఆయన పని. లుంగీ సడలించి చూసి, నడుముకున్న నల్లటి మొలతాడును వేలితో లాగి, ఇది తీయాలన్నాడు.

పైడమ్మ గబుక్కున లేచింది. "భయ్యా, రుకో. పహలే నయా బాంధ్‌నే దో."

బొబ్బిలి వైపు వాళ్ళ ఇళ్ళల్లో అదొక పట్టింపు. కొత్త తాడు కట్టాకే పాతది తెంపాలి. మగవాడి మొల ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. ఉత్తినే తెంపేది ఒక్కసారే, పాడె ఎక్కించే ముందు. ఈ సంగతి ఛత్తీస్‌గఢ్ ముసలాయనకు ఏం తెలుసు? సరిగ్గా అక్కడే కోస్తారమ్మా, కొత్తదైనా పాతదైనా కుదరదు అని మర్యాదగానే చెప్పి, కత్తితో ఒక్క కోత కోశాడు. తాడు పరదేశి తొడ మీద పడింది. ఎన్నో ఏళ్ళుగా దాని కింద ఎండ తగలని చర్మం తెల్లటి గీతలా కనిపించింది.

ఆ తాడును పైడమ్మ చెత్తబుట్టలో పడనివ్వలేదు. ముడి లేకుండా ఉంచకూడదని మంచం కాళ్ళవైపు ఇనుప చువ్వకు కట్టబోయింది. అక్కడ అప్పటికే ఒకటి ఉంది. అచ్చం ఇలాంటిదే, చెమటకు గట్టిపడిన నల్లటి మొలతాడు.

ఆమె మొహం విచ్చుకుంది. "మావా, ఇటు సూడు. మనోలెవులో ఈ మంచం మీదే ఉన్నారు."

పరదేశికి కూడా ప్రాణం లేచొచ్చింది. ఊరు కాని ఊళ్ళో, కాళ్ళు పోగొట్టుకోబోయే ముందు, మన వైపు మనిషి ఒకడు ఇదే దారిన వెళ్ళొచ్చాడంటే అంతకంటే ధైర్యం ఏముంటుంది? "దానికే కట్టీ. తోడుంటాది" అన్నాడు.

పైడమ్మ రెండు తాళ్ళనూ కలిపి ముడి వేసింది. మనవాళ్ళు అనుకుంటే మనకు ముందూ వెనకా ఉండదు. అదే మన మంచితనం, అదే మన కొంపకు చేటు.

ఆపరేషన్ గదికి కిటికీ లేదు. చల్లగా ఉంది. స్పిరిటు వాసన, దాని కింద ఇంకేదో తియ్యటి వాసన. పరదేశిని ముడుచుకుని కూర్చోబెట్టి నడుములో సూది గుచ్చారు. వెల్లకిలా పడుకోబెట్టగానే కాళ్ళు వెచ్చబడ్డాయి. తర్వాత బరువెక్కాయి. తర్వాత లేవు. రెండు చేతులనూ పక్కలకు చాపించి పట్టీలు బిగించారు. ఛాతీ దగ్గర ఆకుపచ్చ బట్ట అడ్డం కట్టారు. అవతల ఏముందో ఇక కనపడదు. తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరమ్మ, కాళ్ళు ఎత్తండి అని హిందీలో అడిగింది. పరదేశి ఎత్తాననే అనుకున్నాడు. ఎత్తలేదట. మంచిది అంది ఆమె.

అవతల కత్తెరలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు. గుండె లెక్కపెట్టే మిషను మోత. కాసేపటికి కాలిన మాంసం కంపు వచ్చింది. అది తనదేనని తెలిసి పరదేశి కళ్ళు మూసుకున్నాడు. నొప్పి మాత్రం ఇసుమంతైనా లేదు. సగం మనిషిని ఎవరికో అప్పజెప్పి, మిగతా సగం ఇక్కడ కాపలా ఉన్నట్టుంది.

"ఖాంసో" అన్నాడు సర్జన్ బట్ట అవతలనుంచి. దగ్గితే లోపల జాలీ నిలబడిందో లేదో తెలుస్తుంది.

పరదేశి ఊపిరి బిగించి దగ్గబోయాడు. అతను దగ్గకముందే ఎవరో దగ్గారు.

ముసలి దగ్గు. కఫంతో, లోతుగా... బట్ట అవతలనుంచే. తన నడుము కింది నుంచి.

"శాబాష్" అన్నాడు సర్జన్. "ఔర్ ఏక్ బార్."

పరదేశి నోరు గట్టిగా మూసుకున్నాడు. దగ్గు మళ్ళీ వినిపించింది. సర్జన్ సంతృప్తిగా దారం అడిగాడు.

"డాక్టర్‌ సాబ్, నేను దగ్గలేదు" అన్నాడు పరదేశి హిందీలో. గొంతు పీలగా వచ్చింది. డాక్టరమ్మ వంగి అతని నుదురు తుడిచి, భయపడకండి, అంతా బాగుంది అంది.

అప్పుడు వినిపించింది. చాలా మెల్లగా. ఆ గదిలో ఒక్కరికీ రాని తెలుగులో. బొబ్బిలి తెలుగులో.

"ఏటి బావూ... అలాగ బిగదీసుకున్నావు?"

పరదేశి పిడికిళ్ళు బిగుసుకున్నాయి. పట్టీలు కదల్లేదు.

"ఎవులు?" అన్నాడు గుసగుసగా.

"కాళ్ళు కాళీగున్నాయి గదా... కూసేపుంటాను."

"వద్దు."

"మీ ఆడమనిసే ముడేసింది."

పరదేశిని భయం నిలువునా కమ్మేసింది. నిలువునా అంటే, అతనికి మిగిలినంత మేర. ఆ ముడి విప్పితే చాలు. బయట వార్డులో పైడమ్మ ఉంది, పది అడుగుల దూరం. లేచి వెళ్ళడానికి కాళ్ళు లేవు. చెయ్యి ఊపడానికి చేతులు లేవు. "మేడమ్, మా ఆవిడకి చెప్పండి. మంచానికున్న తాడు విప్పమనండి" అని బతిమాలాడు. ఒకసారి కాదు, అదే పనిగా. మిషను మోత జోరందుకుంది. డాక్టరమ్మ సర్జన్‌తో ఏదో అని, సెలైన్ గొట్టంలోకి ఒక సూది మందు ఎక్కించింది. కొంచెం నిద్రపోండి, లేచేసరికి అయిపోతుంది అంది ప్రేమగా.

నిద్రపోతే ఈ మిగిలిన సగం కూడా కాపలా లేనిదవుతుంది. ఆ సంగతి పరదేశికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మెలకువగా ఉండాలి. ఎలాగైనా. ఊరికి పోయే స్టేషన్లు వరసగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మహాసముంద్. బాగ్‌బాహరా. ఖరియార్ రోడ్. కళ్ళు మూతలు పడుతున్నాయి. కాంటాబాంజీ... టిట్లాగఢ్... కేసింగా. నాలుక మందమైంది. మొద్దుతనం పొట్ట దాటి పైకి వస్తున్నట్టుంది. మునిగుడ... రాయగడ... ఆ తర్వాత...

ఆ తర్వాత ఏది? వందసార్లు తిరిగిన దారి. రాయగడ తర్వాత...

"పార్వతీపురం" అంది ఆ గొంతు. ఈసారి బట్టకు ఇవతల. చెవి పక్కనే.

కళ్ళు తెరిచేసరికి వార్డు. కూలర్ దడదడ. తడిసిన గడ్డి వాసన. సాయంత్రం ఎండ గోడ మీద పసుపుగా ఉంది. పైడమ్మ స్టూలు మీద కూర్చుని అతని మొహమే చూస్తోంది.

"ముడి" అన్నాడు పరదేశి. మొదటి మాట అదే.

"విప్పీసినాను మావా. నిన్నట్టుకెళ్ళిన ఎంటనే. ఆయా చెప్పింది, ఆ తాడు పెట్టినోడు మళ్ళీ మంచం మీదకి రాలేదట. శవాన్ని తిన్నగా ఊరికి అట్టుకెళ్ళిపోనారట." కొంగు ముడి చూపించింది. "నీది ఇదిగో, నాకాడుంది. ఆలదాన్ని ఆయా కాల్చీసింది."

పరదేశి ఏడ్చేశాడు. మందు మత్తులో ఏదో పీడకల కని, పెద్ద డాక్టర్ల ముందు పరువు తీసుకున్నానని సిగ్గుపడ్డాడు కూడా. పైడమ్మ నవ్వి కళ్ళు తుడిచింది. ఇంత మీసం ఉన్నవాడివి, సూదికి జడిసిపోయావా అని ఆటపట్టించింది. ఆమె కొంగు ముడిని పిడికిట్లోంచి వదలకపోవడం అతను గమనించలేదు.

కాసేపటికి సర్జన్ వచ్చి పాదాలు కదపమన్నాడు. దుప్పటి కింద రెండు పాదాలూ కదిలాయి. బాగా చేశారు, రేపు నడిపిస్తాం అని చెప్పి వెళ్ళిపోయాడు. తను ఇంకా కదపలేదన్న అనుమానం పరదేశికి వచ్చింది గానీ, అంతలోనే తొడల్లో చీమలు పాకినట్టయింది. స్పర్శ వస్తోంది. తొడలు వచ్చాయి. మోకాళ్ళు వచ్చాయి. పిక్కల్లో సూదులు పొడిచినట్టు నొప్పి, ఎంత హాయైన నొప్పో. "ఒచ్చేత్తన్నాయే పైడీ, నా కాళ్ళు ఒచ్చేత్తన్నాయి" అన్నాడు. పైడమ్మ గోడ మీదున్న దేవుడి క్యాలెండర్‌కు దండం పెట్టుకుంది.

మడమలు వచ్చాయి. అరికాళ్ళు చల్లగా తెలిశాయి. వేళ్ళు...

పరదేశి కనుబొమలు ముడిపడ్డాయి.

"పైడీ, బొటనేళ్ళు ఎందుకు కట్టీసినారు?"

"ఏటి?"

"కాళ్ళ బొటనేళ్ళు. రెండూ కలిపి కట్టీసినారు. బిగుతుగున్నాది, ఇప్పు."

నడుముకి మత్తు సూది వేశారని అతన్ని తల ఎత్తొద్దన్నారు. పైడమ్మ మంచం కాళ్ళవైపు వెళ్ళి దుప్పటి తీసింది. తాడు లేదు, బట్ట లేదు, ఏమీ లేదు. కానీ రెండు బొటనవేళ్ళూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వాటి చుట్టూ, చర్మంలోకి దిగిపోయి, నూలుపోగు ఒత్తిన గాడి. వేళ్ళ కొసలు నీలంగా ఉన్నాయి. ఆ కట్టు ఆమెకు తెలుసు. అత్తను పాడె మీద సాగనంపేటప్పుడు స్వయంగా తనే కట్టింది.

రెండు చేతులతో వేళ్ళను విడదీయబోయింది. రాలేదు. గోళ్ళతో గుంజింది. రాలేదు. ఆమె కళ్ళ ముందే ఆ గాడి ఇంకాస్త లోపలికి దిగింది.

పైడమ్మ దుప్పటి కప్పేసి, అంచులు పరుపు కిందకు దోపింది.

"ఏటీ లేదు మావా. పడుకో."

"ఏటీ నేకపోతే..." అన్నాడు పరదేశి, "ఇంకా బిగుస్తున్నాదేటే?"