దిమ్మల మీద ఇల్లుబండి

సాయంత్రం ఏడు దాటింది. వాన వెలిసింది గానీ మబ్బు విడవలేదు.

సింగపూరులో క్రాంజీ రైలుస్టేషను వెనక, చెక్కమిల్లుల మధ్య పాతబండ్ల యార్డు ఒకటుండేది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఒక బండి దానంతటదే స్టార్టవుతుందనీ, ఎక్కడికీ కదలకుండా గంటల తరబడి నడుస్తూనే ఉంటుందనీ చెప్పుకునేవారు. టాక్సీవాళ్ళు వీధి మొగలోనే దింపేసి వెనక్కి తిప్పుకునేవారు.

ఇది రెండువేల సంవత్సరం నవంబరు మాట. జరిగింది ప్రభావతికి. ఆవిడ చెప్పింది తక్కువే. చెప్పినంతే ఇది.

ప్రభావతి భర్త రంగనాథ్ కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పనికని అనకాపల్లి నుంచి వచ్చాడు. ఆ పని అయిపోయేలోగా ఇంకో కంపెనీ ఎగరేసుకుపోయింది. ఆ రోజుల్లో కంప్యూటరు వాళ్ళకి కాళ్ళు నేలమీద ఆనేవి కావు. ఒకడు కండోమినియం అన్నాడు, ఇంకొకడు షేర్లన్నాడు. ఇతని మనసు మాత్రం ఆ యార్డులో ఉన్న ఒక ఇల్లుబండి మీద పడింది.

లోపల నాలుగు పడకలు, చిన్న పొయ్యి, చెయ్యి కడుక్కునే సింకు. పాత డీజిలు బండి. సరిహద్దు అవతల జొహోర్‌లో స్నేహితుడి దగ్గర ఉంచి, సెలవు దొరికినప్పుడల్లా మలేషియా అంతా తిరగాలని అతని ఆశ.

"నువ్వు సరేనంటేనే కొంటాను," అన్నాడు.

ఆవిడకి ఒకటే లెక్క. ఆ బండిలో తన ఇద్దరు పిల్లలు, అత్తగారు రాత్రిళ్ళు కళ్ళు మూసుకుని పడుకోవాలి. దాన్ని నమ్మొచ్చా... లేదా?

ఆదివారం మొదటిసారి వెళ్ళి చూశారు. వెనక ఇరుసు కింద రెండు చెక్కదిమ్మలు పెట్టి, చక్రాలు నేలకి తగలకుండా ఎత్తి ఉంచారు. "మూడేళ్ళుగా కదల్లేదు లా," అన్నాడు యార్డు యజమాని, మాట చివర 'లా' తగిలించే అక్కడి యాసలో. ఆయన్ని అందరూ తౌకే, అంటే షావుకారు, అనేవారు. ఆస్ట్రేలియా ముసలాయన ఒకడు దాంట్లో దేశాలు తిరిగి ఇక్కడిదాకా వచ్చాడట. ఆ బండిలోనే కన్ను మూశాడట. తౌకే అది చెప్పి, నాలిక కరుచుకున్నాడు.

రంగనాథ్ మీటరు చూసి డైరీలో రాసుకున్నాడు. 4,61,218 కిలోమీటర్లు.

"చాలా తిరిగింది," అంది ప్రభావతి.

"డీజిలింజనుకి ఇదొక లెక్కా! ఇప్పుడిప్పుడే ఒళ్ళు వంగుతూ ఉంటుంది దానికి."

బుధవారం సాయంత్రం అందరూ కలిసి వెళ్ళారు. ఆ రోజే ఏదో ఒకటి తేలాలి. మర్నాడు పొద్దున ఇంకొకరు వచ్చి తీసుకుపోతారని తౌకే చెప్పాడు.

అత్తగారు నూకాలమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇల్లు వదిలి ఊరు తిరుగుతారు గానీ, ఇల్లు ఈపున కట్టుకుని తిరగడమేటిరా, నత్తలాగ?"

పద్నాలుగేళ్ళ సుచిత్ర ముక్కు మూసుకుంది. "స్మెల్ వస్తోంది లా. ఏదో పులిసినట్టు."

నిజమే. పుల్లటి వాసన. తలుపు అంచున, లోపలి వైపు, ఏదో తెల్లటి మరక కూడా ఉంది. నాలుగు వేళ్ళ గుర్తు. ప్రభావతి చూసింది.

ఆరేళ్ళ చంటి పై పడక ఎక్కి దుప్పటి కప్పుకున్నాడు. రంగనాథ్ మీటరు దగ్గర వంగి... వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

4,61,347.

"నూట ఇరవై తొమ్మిది పెరిగింది," అన్నాడు మెల్లగా.

"ఎలా?"

"మీటరు పాడైనట్టుంది."

పాడైన మీటరు ఆగిపోతుంది గానీ నడుస్తుందా? ఆవిడ వంగి, దిమ్మల వైపు చూసింది. చక్రాలు నేలకి జానెడు ఎత్తున అలాగే ఉన్నాయి. కింద మన్ను వానకి నాని మెత్తబడింది.

తౌకేకి ఇంటికి పోయే వేళైంది. "టుమారో మార్నింగ్ చెప్పు, కెన్?" అని మెయిను స్విచ్చి కట్టేశాడు. ఆయన కారు వెళ్ళిపోయింది. బురద లేని దారి చూస్తానని రంగనాథ్ రోడ్డు మీదికి ముందు నడిచాడు. మిగతావాళ్ళు గేటు దాటారు.

వీధిదీపం కిందికి వచ్చాక ప్రభావతి వెనక్కి తిరిగింది.

"చంటి ఏడే?"

"డాడీతో వెళ్ళాడనుకున్నా!" అంది సుచిత్ర.

"నీ చెయ్యి పట్టుకున్నాడనుకున్నాను నేను..."

దూరంగా రంగనాథ్ ఒక్కడే నడుస్తున్నాడు.

"అత్తయ్యా, మీరిద్దరూ ఇక్కడే ఉండండి." ఆవిడ వెనక్కి పరుగెత్తింది.

గేటు చేరవేసి ఉంది. తోసింది. లోపల చీకటి. బురద చెప్పుల్ని పీల్చుకుంటోంది. వరసగా చచ్చిన బండ్లు... ఒక లారీ, ఇంకో లారీ, తల తీసేసిన బస్సు...

అప్పుడు వినిపించింది.

గుర్రుమంటూ — ఒక్కసారి దగ్గి — ఇంజను అందుకుంది.

ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. మనసు ఆగలేదు. లోపల చంటి ఉన్నాడు.

దగ్గరికి వెళ్ళింది. ఇల్లుబండి వణుకుతోంది. వెనక చక్రాలు చీకట్లో తిరుగుతున్నాయి. జోరుగా తిరుగుతున్నాయి. బండి మాత్రం ఉన్నచోటే ఉంది. తలుపు తీసింది. మీటరు దగ్గర చిన్న పచ్చదీపం. ఆ వెలుగులో ఆఖరి అంకె మెల్లగా దొర్లి... ఇంకో అంకె అయింది.

డ్రైవరు సీటు ఖాళీ.

"చంటీ..." తడుముకుంటూ పై పడక దాకా వెళ్ళింది. దుప్పటి. దుప్పటి కింద వెచ్చటి కాళ్ళు. బిడ్డ నిద్రపోతున్నాడు. లాగి భుజాన వేసుకుంది.

అప్పుడే బండి ఒక పక్కకి ఒరిగింది.

కింద ఏదో కర్రుమంది. దిమ్మ... నానిన మన్నులోకి దిగుతోంది. ఇంకో జానెడు దిగితే చక్రం నేలని అందుకుంటుంది. అందుకుంటే బండి ఉరుకుతుంది. ఎదురుగా ఇనపచట్రాల గుట్ట.

తలుపు ఎటు ఉందో ఆవిడకి తెలియలేదు. బిడ్డ తలని గుండెకి అదుముకుని కూలబడింది.

ఇంజను ఆగింది.

ఉన్నట్టుండి, నోరు నొక్కినట్టు ఆగిపోయింది. చక్రాలు ఇంకో రెండు చుట్లు తిరిగి... అవీ ఆగాయి.

తలుపు అంచు మీదికి ఒక చెయ్యి వచ్చింది. మోచెయ్యి దాకా తెల్లగా ఉంది. ఏదో బొట్లుబొట్లుగా కారుతోంది.

"అరవకండమ్మా..." గుసగుసగా అంది చీకటి. తెలుగులో. "మీ కాళ్ళు మొక్కుతాను, అరవకండి."

"ఎవరు?"

"నాను మారయ్యనండి. కాపలా ఓణ్ణి. మాది నర్సీపట్నం కాడ."

టార్చి వెలిగించాడు. నలభై దాటిన మనిషి. బనీను, లుంగీ. చేతినిండా మినప్పిండి.

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వెనక రేకుల చాటున గ్రైండరు చూపించాడు. చక్రానికి బెల్టు వేసి, దాన్ని గ్రైండరుకి తగిలించాడు. ఇంజను స్టార్టు చేసి, తను దిగి పిండి దగ్గరికి వచ్చేస్తాడు. "మా ఊర్ల సెరుకు ఆడే రోజుల్లో ట్రాక్టరు సక్రానికి ఇలాగే ఏసీవోళ్ళం గదమ్మా. ఈ తౌకే రేత్రి కరెంటు కట్టీసి పోతాడు. మా డార్మిటరీలో అరవైమంది ఉన్నారు. పొద్దుటే ఆ ఎండు రొట్టి తిని ఫేక్టరీ పన్లోకి ఎల్లలేకపోతన్నారు. నాలుగు ఇడ్లీలు ఏసి ఇస్తన్నాను."

నూట ఇరవై తొమ్మిది కిలోమీటర్ల ఇడ్లీపిండి.

"లోపల మా పిల్లాడు నిద్రపోతున్నాడు, మారయ్యా."

అతను టార్చి దిమ్మ మీదికి తిప్పాడు. "కారు ఎల్లిపోయింది, అందరూ ఎల్లిపోనారనుకున్నానమ్మా... తల్లీ... ఆ దిమ్మ దిగీసింది సూడండి. మీరు టయానికి కట్టీసినారు గాబట్టి సరిపోయింది."

"నేనా?"

"ఇంజను మీరే గదమ్మా కట్టీసినారు?"

"నేను చంటిని ఎత్తుకున్నాను. లేవలేదు కూడా. నువ్వు ఆపావనుకున్నాను."

"నా సెయ్యి రోట్లో ఉన్నాది."

పైనుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. మారయ్య ముందుకి వెళ్ళి డ్రైవరు సీటు వైపు టార్చి వేశాడు. మీటరు కింద ఒక నల్లగుబ్బ. పాత డీజిలుబండి... తాళం తిప్పితే ఆగదు. ఆ గుబ్బని రెండు చేతుల బలంతో బయటికి లాగాలి.

బయటికి లాగి ఉంది. చివరిదాకా.

గుబ్బ మీద పిండి మరక లేదు. పొడిగా, శుభ్రంగా ఉంది.

"దీన్ని ఊరికే లాగితే రాదమ్మా," అన్నాడు మారయ్య. అని సీటు వైపు చూసి, తెల్లచేతులు రెండూ జోడించాడు.

"తౌకేకి సెప్పకండి," అన్నాడు తర్వాత. "తెలిస్తే రేపే ఇమానం ఎక్కించీస్తాడు. నాకిద్దరాడపిల్లలు."

"మళ్ళీ ఈ బండికి బెల్టు కట్టకు."

"కట్టను. ఒట్టు."

గేటు దగ్గరికి వచ్చేసరికి రంగనాథ్ ఎదురొచ్చాడు. ఆవిడ ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏమైంది?"

మీటరు సంగతి చెబితే ఊరుకునే మనిషి కాదు. ప్రోగ్రాములో తప్పు వెతికినట్టు వెతికి, తెల్లారేసరికి తౌకే ముందు పెడతాడు. అందుకని ప్రభావతి దారిలోనే ఒక అబద్ధం కట్టుకుంది. తీరా నోరు తెరిచాక అది అబద్ధంలా రాలేదు.

"ఆ బండి వద్దు."

"ఎందుకు?"

"అందులో ఒకరున్నారు."

"ప్రభా, నువ్వు కూడా..."

"వద్దంటంది కదరా," అంది నూకాలమ్మ. "ఉన్నోళ్ళని ఉండనీ. పద."

స్టేషనుకి వచ్చి రైలెక్కారు. చంటి తల్లి భుజం మీదే నిద్రపోయాడు. జురాంగ్ ఈస్ట్‌లో దిగి, ఫ్లాటు మెట్లెక్కి, తలుపు తాళం తీసి, ఆవిడ గడప పక్కన నిలబడింది. ఒక్కొక్కరూ లోపలికి వెళ్తుంటే మనసులో లెక్కపెట్టింది.

అత్తగారు, ఒకటి. సుచిత్ర, రెండు. ఆయన, మూడు. భుజం మీద చంటి, నాలుగు. తను, అయిదు.

అందరూ వచ్చారు. క్షేమంగా వచ్చారు.

తలుపు వేసి, గొళ్ళెం పెట్టింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఈసారి ఎవరైనా తక్కువయ్యారేమోనని కాదు.

అయిదుగురే.