క్రిస్టీనా నాటిన మల్లె

సెలవురోజు కాబట్టి శుక్రవారం పొద్దున సౌదీలోని జుబైల్‌లో ఎవరికీ తొందరుండదు. మణి భర్త యిర్మీయాకి మాత్రం తప్పదు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ మొదలైందంటే ఇక సెలవు మాటే లేదు. అతను బస్సెక్కి వెళ్లగానే, మణి కాఫీ కూడా తాగకుండా కత్తెర పట్టుకుని పెరట్లోకి వచ్చింది. అక్క కూతురు, పదమూడేళ్ల జెస్సీ నిద్రలేచేలోగా పని ముగించాలనుకుంది. చెప్పకుండా మొదలుపెట్టడమే ఆమె చేసిన తప్పు.

గోడవారన ఉన్నది మల్లెపొద. మణి అక్క క్రిస్టీనా ఇక్కడికి నర్సుగా వచ్చినప్పుడు, మైలవరంలో నాన్న తోటలోంచి ఒక అంటుని తడిగుడ్డలో చుట్టి పెట్టెలో తెచ్చుకుంది. ఆ తర్వాత జబ్బుచేసి పోయింది. తల్లిలేని పిల్లకి పిన్నికంటే దిక్కెవరని పెద్దవాళ్లు కూర్చుని, ఏడాది తిరక్కముందే మణిని బావకిచ్చి చేశారు. మణిని అడిగారా అంటే, అడిగారు. కాదనే వీలులేకుండా అడిగారు.

అమ్మ పోయిన దగ్గర్నుంచీ జెస్సీ ఆ పొదని ఎవరినీ తాకనివ్వలేదు. పొద్దునా సాయంత్రం నీళ్లు పోసేది. మల్లెకి అంత నీరు పనికిరాదు. కింద కొమ్మలు ముదిరిపోయి, పైన ఆకు కమ్మేసి, కిందటేడు గుప్పెడు పూలు కూడా పూయలేదు. అమ్మ ఫోటోకి దండ చాలక ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు మణి మరిచిపోలేదు. ఈ చలికాలంలో మోకాలెత్తుకి కోసి, మిగిలిన ఆకు దూసేస్తే, ఏప్రిల్లో అక్క పోయిన రోజుకి దండకి సరిపడా పూలొస్తాయి. ఈ మాట పిల్లతో చెబితే సరిపోయేది. చెబితే ఒప్పుకోదని భయపడింది.

జెస్సీ లేచి వచ్చేసరికి నేలంతా కొమ్మలే. వాటిని రెండు చేతులా ఎత్తి గుండెలకి హత్తుకుంది.

"అమ్మ గది తీసుకున్నావు, అమ్మ వంటిల్లు తీసుకున్నావు. ఇదొక్కటీ ఉంచితే నీకేం పోయింది పిన్నీ?"

పూలకోసమే కోశాననీ, మళ్లీ చిగురిస్తుందనీ మణి చెప్పింది. జెస్సీ వినలేదు. అమ్మ ఉంటే ఇలా కోసేదా అని అడిగింది.

"నాకు కొయ్యడం నేర్పింది మీ అమ్మే," అంది మణి. ఇంతకాలం అణుచుకున్నదంతా బయటికొచ్చేసింది. "నీకు అమ్మ కాకముందే అది నాకు అక్క, జెస్సీ. అక్క పోతే నేనెక్కడ ఏడవాలి? నీ ముందు ఏడిస్తే బెంగపడతావన్నారు. బావ ముందు ఏడిస్తే కాపురానికి మంచిది కాదన్నారు. రోజూ నువ్వు నీళ్లు పోసి లోపలికెళ్లాక, ఇదిగో, ఇక్కడ కూర్చుని ఏడ్చేదాన్ని."

జెస్సీ చేతుల్లోంచి కొమ్మలు జారిపోయాయి. ఇంట్లో అందరూ తనని ఓదార్చారు. పిన్నిని ఎవరైనా ఓదార్చారా అన్నది ఆ పిల్లకి ఇన్నాళ్లూ తట్టనేలేదు. సిగ్గుతో తల దించుకుంది. అప్పుడు కనిపించింది, పొద మధ్యలో కొయ్యకుండా వదిలేసిన లావాటి కొమ్మ. బెరడు మీద కత్తెర గాట్లు పడి ఉన్నాయి.

"దీన్నెందుకు వదిలేశావు?"

"అక్క తెచ్చిన అంటు అదే. తన చేత్తో నాటింది. పొద్దుట్నుంచీ కత్తెర పెడుతున్నాను, తీస్తున్నాను. చెయ్యి రావట్లేదే."

ఉంచేస్తే ఏమవుతుందని జెస్సీ అడిగింది. కింద వచ్చే చిగుళ్లకి ఎండ తగలనివ్వదని మణి చెప్పింది. జెస్సీ మోకాళ్ల మీద కూర్చుని ఆ కొమ్మని పట్టుకుంది. మణి మళ్లీ కత్తెర పెడితే, రెండో చెయ్యి చాచి దాని మీద తనూ వేసింది. ఇద్దరూ కలిసి నొక్కారు. కొమ్మ ఒరిగి మణి ఒళ్లో పడింది.

మణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అలవాటుగా ఇంటివైపు చూసింది.

జెస్సీ ఆ కొంగు మెల్లగా కిందికి లాగింది.

"ఏడువు పిన్నీ. నేను లోపలికి వెళ్లను."