వెనక సీటు గోవింద

"ముందు సీట్లో రూపశ్రీ కూర్చుంటాది. నువ్వు ఎనక కూర్చో," అన్నాడు నాయన.

నాగవేణి నోట్లోని బొరుగులు నమలడం మానేసింది.

నాయన పేరు దేవరాజులు. చంద్రగిరి రోడ్డు పక్కన ఆయనకు సైకిల్ షాపు ఉంది. సోమవారం బడిలో సైన్స్ ఫెయిర్. దాని కోసం ఆయన రెండు పాత సైకిళ్ళను కోసి, అతికించి, ఇద్దరు తొక్కే పొడుగు సైకిల్ తయారు చేశాడు. ఆరో తరగతి తరఫున నాగవేణి, రూపశ్రీ దాన్ని తొక్కుకుంటూ బడి ముందున్న మిట్ట ఎక్కి చూపించాలి.

రూపశ్రీది పక్కిల్లే. క్లాసు ఒకటే, బెంచీ ఒకటే. అయినా సరే, నాగవేణికి ఆ మాట నచ్చలేదు.

"సైకిల్ మనది కదా నాయనా! నేనెందుకు ఎనక?"

"మనదని సైకిల్‌కి తెలస్తాదా?" నాయన నవ్వాడు. "రూపా నీకంటే పొడుగు, బరువు. ఇంత పొడుగు బండికి ముందర బరువుంటేనే హ్యాండిల్ మాటింటాది. ఎనక బరువెక్కువైతే ముందోళ్ళ చేతులు లాగేస్తాది."

మొదట ఆయన పైన ఒక్క కడ్డీనే అతికించాడు. పిల్లలిద్దరూ ఎక్కగానే బండి ఉడికిన మునక్కాయలా ఊగింది. అందుకే కింద కూడా, ముందు పెడల్ దగ్గర నుంచి వెనక పెడల్ దాకా, లావుపాటి పైపు వెల్డింగ్ చేశాడు. ఎడమవైపు చైను ముందు పెడళ్ళనూ వెనక పెడళ్ళనూ కలుపుతుంది. ఒకరి కాలు తిరిగితే రెండోవారి కాలూ తిరగాల్సిందే. కుడివైపు చైను వెనక చక్రానికి వెళ్తుంది. గేర్లు దానికే.

"గేరు మార్చేటప్పుడు ఇద్దరూ కాళ్ళు వదులు చెయ్యాల," అన్నాడు నాయన. "అప్పుడు గట్టిగా తొక్కినారంటే చైను ఊడిపోతాది. అందుకే ముందోళ్ళు ఒక మాట చెప్పాల. ఎనకోళ్ళు జవాబు చెప్పాల. ఆ తర్వాతే గేరు."

"ఏం మాట మామా?" అంది రూపశ్రీ.

"ఇంకేం మాట? మనూళ్ళో బరువెత్తినా, బండి తోసినా ఒకటే మాట గదా! నువ్వు గోవిందా అను. నాగవేణి గోవింద అంటాది."

అలా మొదలైంది సాధన.

బెల్లు రూపశ్రీ దగ్గర. బ్రేకులు రూపశ్రీ దగ్గర. గేరు కూడా రూపశ్రీ దగ్గరే. వెనక హ్యాండిల్ ఉంది కానీ అది తిరగదు. పట్టుకోవడానికి మాత్రమే. నాగవేణికి కనబడేది రూపశ్రీ వీపు ఒక్కటే. గాలి వీస్తే రూపశ్రీ జడ వచ్చి ముఖం మీద కొట్టేది.

పూలమ్మే కుప్పమ్మ రోడ్డు పక్క నుంచి అరిచింది. "అబ్బా! ముందుండే పాప ఎంత బాగా తోల్తాండాదో సూడు!"

'మరి వెనక నేనేమైనా బియ్యం మూటనా?' అనుకుంది నాగవేణి. ఆ రోజు ఆమె రూపశ్రీతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున మళ్ళీ బయలుదేరారు. అది తమిళులు గోవిందుడిని కొలిచే పెరటాసి నెల. పసుపు బట్టలు కట్టుకున్న భక్తులు తమిళనాడు నుంచి కొండకు నడిచి వస్తున్నారు. రోడ్డు పొడుగునా వాళ్ళ గోవింద నామమే.

మిట్ట మొదలైంది. పెడళ్ళు బరువెక్కాయి.

"గోవిందా!" అంది రూపశ్రీ.

పక్కనే భక్తులు కూడా "గోవిందా!" అన్నారు.

నాగవేణికి రెండూ వినిపించాయి. రూపశ్రీ గొంతు ఆమెకు నిద్రలో విన్నా తెలుస్తుంది. కానీ జవాబు చెప్పలేదు. 'ఒక్కసారి గేరు పడకపోతే చాలు. రూపాకు చేతకాదని నాయన నన్ను ముందు కూర్చోబెడతాడు' అనుకుంది. భక్తుల గొంతుల్లో ఏ గోవింద ఎవరిదో రూపశ్రీకి తెలియలేదు. నాగవేణి జవాబు చెప్పిందనుకుని గేరు మార్చింది.

సరిగ్గా అప్పుడే నాగవేణి ఉన్న బలమంతా పెట్టి తొక్కింది.

కరకరమని చప్పుడైంది. కుడి చైను ఊడిపోయింది. పెడళ్ళు గిర్రున తిరిగాయి. పొడుగు సైకిల్ ఒక పక్కకు ఒరిగి, ఇద్దరినీ కింద పడేసింది.

నాగవేణి ఇసుకలో పడింది. ఆమెకు ఏమీ కాలేదు. రూపశ్రీ కంకర మీద పడింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం వచ్చింది. భక్తుల్లో ఒక పెద్దాయన పరుగున వచ్చి సైకిల్ లేపాడు. ఆ లోపు వెనకాలే నడిచి వస్తున్న నాయన కూడా వచ్చేశాడు.

"ఏమైంది?"

"ఈళ్ళు... ఈ భక్తులు అన్నారనుకున్నా నాయనా," అంది నాగవేణి. "రూపా అనిందని నాకు తెలీలా."

నాయన చైను చూసి తల పట్టుకున్నాడు. "గోవిందా అని చైనును గోవిందా చేసినారే!"

రూపశ్రీ కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదే మామా. నేను గట్టిగా అనుండాల. నాగవేణి గొంతు పెద్దది. ఆమెనే ముందు కూర్చోనీ."

నాగవేణి కోరుకున్నది అదే. అయినా ఆ మాట వినగానే ఆమెకు సంతోషం రాలేదు.

సాయంత్రానికి నాయన చైను ఎక్కించి, "సరే, ఒకసారి నువ్వే తోలి చూడు," అని ముందు సీటు నాగవేణికి అందేలా కిందికి దించాడు. రూపశ్రీ మోకాలికి కట్టుతోనే వచ్చి వెనక కూర్చుంది.

మొదటి మలుపులోనే నాగవేణికి చెమటలు పట్టాయి. తన చిన్న సైకిల్‌ను తిప్పినట్టే తిప్పింది. పొడుగు సైకిల్ తిరగలేదు. రోడ్డు అవతలి అంచు దాకా వెళ్ళి, కాలువ పక్కన నిదానంగా మళ్ళింది. వెనక కూర్చున్నప్పుడు ఇదేమీ తెలియలేదు.

మిట్ట వచ్చింది. గేరు మార్చాలి.

అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. ముందు కూర్చుంటే రోడ్డంతా కనబడుతుంది కానీ, వెనక మనిషి కాళ్ళు కనబడవు. రూపశ్రీ ఇప్పుడు గట్టిగా తొక్కితే? పొద్దున తను చేసినట్టే చేస్తే? నాగవేణికి భయం వేసింది. గొంతు పెద్దదని పేరే గానీ, మాట పిల్లి కూతలా వచ్చింది.

"గో... గోవిందా."

"గోవింద!" వెంటనే వెనక నుంచి జవాబు.

పెడళ్ళు తేలికయ్యాయి. 'టక్' మని గేరు పడింది. మళ్ళీ ఇద్దరూ తొక్కారు. మోకాలు వంగినప్పుడల్లా రూపశ్రీ "స్..." అంటోంది. కానీ తొక్కడం ఆపలేదు.

నాగవేణి బ్రేకు పట్టి ఆపేసింది.

"ఎందుకు నిలిపినావు మే?"

"పొద్దున నువ్వనింది నాకు ఇనిపించింది."

"ఏంది?"

"గోవిందా అనింది నువ్వేనని తెలుసు. తెలిసే తొక్కినా. నువ్వు ముందు కూర్చుంటే నాకు కుళ్ళుగా ఉండింది." నాగవేణి ఏడ్చేసింది.

రూపశ్రీ మోకాలి కట్టు వైపు చూసుకుంది. దిగి, కుంటుకుంటూ ఇంటి దారి పట్టింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నాగవేణికి.

ఆ పొడుగు బండిని ఒంటరిగా వెనక్కి తిప్పడానికే ఆమెకు నాలుగు సార్లు ముందుకీ వెనక్కీ తొయ్యాల్సి వచ్చింది. షాపుకు వచ్చి నాయనకు అంతా చెప్పింది. నాయన చేతిలోని పని పక్కన పెట్టాడు.

"ఇప్పుడేం చేస్తావు?"

"స్పానర్ ఇయ్యి నాయనా."

ముందు సీటు బోల్టు బిగుసుకుపోయి ఉంది. నాగవేణి రెండు చేతులతో లాగి వదులు చేసింది. సీటును రూపశ్రీ ఎత్తుకు పైకి లేపి, మళ్ళీ బిగించింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. నాయన సాయం చేయలేదు, పక్కనే నిలబడ్డాడు.

సోమవారం పొద్దున ఆ సైకిల్‌ను తోసుకుంటూ రూపశ్రీ ఇంటి ముందుకు వెళ్ళింది. రూపశ్రీ బయటికి వచ్చి, పైకి లేపిన సీటు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఈసారి కూడా గోవిందానేనా?"

"కాదు మే. నేను జవాబు చెప్తా."

రూపశ్రీ నవ్వలేదు. కానీ ఎక్కింది.

బడి ముందు పిల్లలంతా గుమిగూడారు. రోడ్డు మీద భక్తులు కూడా ఆగి చూస్తున్నారు. మిట్ట మొదలైంది. రూపశ్రీ భుజాలు బిగుసుకుపోవడం వెనక నుంచి నాగవేణికి కనిపించింది. గేరు మార్చాల్సిన చోటు వచ్చింది. రూపశ్రీ ఇంకా ఏమీ అనలేదు. ఆమె ఎందుకు భయపడుతోందో నాగవేణికి తెలుసు.

"గోవిందా," అంది రూపశ్రీ చివరికి, చిన్నగా.

"గోవిందా... గోవింద!"

నాగవేణి ఎంత గట్టిగా అరిచిందంటే, రోడ్డు మీది భక్తులంతా "గోవిందా!" అని పలికారు. పిల్లలు పకపకా నవ్వారు. నాగవేణి కాళ్ళు మాత్రం అప్పటికే దూదిలా వదులైపోయాయి. 'టక్' మని గేరు పడింది.

"ముందుండే పాప బలే తోల్తాండాది!" అని ఎవరో అన్నారు.

రూపశ్రీ జడ ఎగిరి వచ్చి నాగవేణి ముఖం మీద కొట్టింది. ఆమె దాన్ని ఉఫ్‌మని ఊది పక్కకు నెట్టింది. పెడళ్ళు ఇంకా బరువుగానే ఉన్నాయి.

"ఇంకో గేరు ఉండాది మే," అంది రూపశ్రీ. "చెప్పనా?"

"చెప్పు," అంది నాగవేణి.