జి అంటే ఏంది?

"జి అంటే ఏంది?"

నరసరావుపేటలో రాఘవ ఫ్లెక్స్ షాపులోకి వస్తూనే భవిత అడిగిన మొదటి మాట ఇది. హెల్మెట్ కూడా తీయలేదు.

కంప్యూటర్ ముందున్న రాఘవ ఉలిక్కిపడ్డాడు. "ఏ జి?"

"బయట బోర్డు మీద 'జి. రాఘవ' అని రాసుకున్నావే, ఆ జి! మా నాన్న అది చూసొచ్చాడు. మనం గ్రంధోళ్ళం, వాళ్ళదీ జీనే, ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి మాటెత్తొద్దన్నాడు. కాదని చెబుదామంటే నీ ఇంటిపేరు నాకు తెలిస్తే గదా!"

తెలియకపోవడమే ఆమెకు అసలు మంట. పోయిన వానాకాలం నుంచి ప్రేమిస్తూ కూడా ఇంటిపేరు అడగలేదు. ఫోన్‌లో అతని పేరు ఫ్లెక్స్ రాఘవ, అంతే.

వాళ్ళ పరిచయం కూడా ఇలాంటి పొట్టి అక్షరంతోనే మొదలైంది. ఆమె కాలేజీలో జువాలజీ లెక్చరర్. పత్తి రైతులకు పాముల గురించి చెప్పే సభ పెట్టి, రక్తపింజర శాస్త్రీయ నామం వాట్సాప్‌లో పంపింది. ఈ మహానుభావుడు D. russelii అంటే ముఖ్య అతిథి అనుకుని, 'గౌరవనీయులు శ్రీ డి. రసెలీ గారికి స్వాగతం' అని నిలువెత్తు ఫ్లెక్స్ కొట్టాడు. పైగా ఆయన ఫోటో పంపలేదేమని ఆమెనే అడిగాడు!

ఆమె ఆ ఫ్లెక్స్ చూసిన రోజు బయట జోరుగా వాన. అయినా వీధంతా ఆమె గొంతే వినిపించింది.

"మనోళ్ళ ఇనీషియల్ లాగానే ఉంది గదా మేడమ్! మీరే పొట్టిగా పంపారు."

"అది రెండో లైను! మొదటి లైన్లో Daboia russelii అని పూర్తిగా రాశా. పొడవుగా ఉందని నువ్వే కోసేశావు. డబోయా దాని ఇంటిపేరు. మొదటక్షరం పెద్దది, రెండో మాటంతా చిన్నక్షరాలు, రెండూ వాలుగా ఉండాలి. మొదటిసారి పూర్తిగా రాసి, తర్వాతే పొట్టి చెయ్యాలి. కట్లపాము బుంగారస్, మనిషికి ప్రమాదం లేని పిల్లిపాము బోయిగా. రెంటికీ ఉత్త బి పెడితే చదివేవాడు ఏమైపోవాలి?"

రాఘవ పెన్ను తీశాడు. "ఇంకోసారి తిట్టండి మేడమ్, రాసుకుంటా."

ఎంత బిగబట్టినా ఆమెకు నవ్వు ఆగలేదు. అప్పటి నుంచి లేని పోస్టర్లకు కూడా పని కల్పించుకుని వస్తూనే ఉంది.

ఇప్పుడు మాత్రం నవ్వు లేదు. "మొదటిసారి పూర్తిగా రాయాలని నీకు చెప్పలా? చెప్పు, జి అంటే ఏంది?"

రాఘవ తల దించుకున్నాడు. "గుర్రం."

"ఏందీ?"

"ఇంటిపేరు. బళ్ళో హాజరు పిలిస్తే చాలు, క్లాసంతా సకిలించేది. అందుకే జి అని దాచుకున్నా. నువ్వేమో జంతువుల మేడమ్‌వి. చెబితే నవ్వుతావని..."

భవితకు ఒళ్ళు మండిపోయింది. ఎవరో ఆకతాయిలు సకిలించారని, తన పెళ్ళి చెడిపోబోయింది!

"సిగ్గుపడాల్సింది వాళ్ళు, నువ్వు గాదు!" అని అక్కడికక్కడే తండ్రి బాలకోటయ్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "నాన్నా, అతను గుర్రమోళ్ళ అబ్బాయి."

"పిడుగురాళ్ళ గుర్రమోళ్ళా?"

"అవునండీ," అన్నాడు రాఘవ భయంభయంగా.

"వాళ్ళ గోత్రం వేరే గదా! ఆ ముక్క బోర్డు మీద రాసుకోడానికి ఏం రోగమయ్యా నీకు? రేపు మీ నాన్నను తీసుకుని ఇంటికి రా!"

ఫోన్ పెట్టేశాక రాఘవ మెల్లగా అన్నాడు. "రేపు నీ క్లాసులో పిల్లలు కూడా సకిలిస్తారే, భవితా."

"సకిలించమను. బోర్డు మీద నేనే రాస్తా, గుర్రం భవిత అని, పూర్తిగా. ఎవడు నవ్వుతాడో చూస్తా!"